మిస్ నెల్డా ట్రైలర్‌కి నేను కాసిన చలి కాపలా

మిస్ నెల్డా ట్రాహన్‌కి డెబ్బై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు చక్రాల మీదే గడిచాయి. ఆవిడ భర్త ఆల్టన్ చమురు శుద్ధి కర్మాగారాల్లో పైపులు బిగించేవాడు. కర్మాగారాన్ని మరమ్మతుకి ఆపినప్పుడు వందలమంది పనివాళ్లు కావాలి. రెండు మూడు నెలల్లో పని ముగిశాక వాళ్ల మొహం చూసేవాళ్లు ఉండరు. అందుకని ఈ ఇద్దరూ తాము కాపురముండే ట్రైలర్‌ని బండి వెనక తగిలించుకుని పోర్ట్ ఆర్థర్ నుంచి లేక్ చార్లెస్‌కి, అక్కడి నుంచి కార్పస్ క్రిస్టీకి, మళ్లీ వెనక్కి తిరుగుతూ బతికారు. పిల్లలు లేరు. ఎక్కడ ఆగితే అక్కడ ఆదివారం పెద్ద గుండిగలో రొయ్యలూ మాంసమూ వేసిన గంబో పులుసు వండి, చుట్టుపక్కల ట్రైలర్లలో ఒంటరిగా ఉన్న మగవాళ్లని గిన్నెలు తెచ్చుకోమనేది. తెచ్చుకున్న గిన్నె సరిగ్గా కడిగి ఉంటేనే వడ్డించేది.

ఆరేళ్ల కిందట ఆల్టన్ పోయేనాటికి ఆ ట్రైలర్, ట్రైలర్లు నిలుపుకునే మా పార్కులో, సముద్రపు పాయ ఒడ్డున, పదిహేనో నంబరు స్థలంలో ఉంది. ఇంకెక్కడికీ లాక్కెళ్లే మనిషి లేడు కాబట్టి ఆవిడ అక్కడే ఉండిపోయింది. టైర్లలో గాలి పోయింది. బండికి తగిలించే ఇనప కొక్కెం మీద ఏదో తీగ పాకి, ఏటా నీలం పువ్వులు పూస్తోంది. కదిలే ఇల్లు కదలడం మానేస్తే ఏమవుతుందో ఆవిడని చూసి తెలుసుకోవచ్చు. పార్కులో ఉన్న ముప్పై ట్రైలర్ల సంగతులూ ఆవిడ ఇంటి ముందుకే నడిచి వచ్చేవి.

నా పేరు రేలిన్. పద్నాలుగో నంబరు నాది. పార్కులో బట్టలు ఉతికే గది నా చేతి కింద ఉంది. మా అమ్మ కూడా ఆ మరమ్మతు పనుల వెంట తిరిగే మనిషే, పనివాళ్ల క్యాంటీన్లో వండేది. ఒక్క ఏడాదిలో నన్ను ఐదు బళ్లలో వేసింది. ప్రతి బడిలోనూ నేను చేరే రోజుకే లెక్కల మేడమ్ భిన్నాలు మొదలుపెట్టేది. కాబట్టి భిన్నాల మొదటి పాఠం నాకు ఐదుసార్లు వచ్చు, చివరి పాఠం ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు. పదో తరగతి మధ్యలో ఇక చాలనుకున్నాను. మూడేళ్ల కిందట ఈ పార్కుకి వచ్చాక అమ్మ మళ్లీ పని వెతుక్కుంటూ లూసియానా వైపు వెళ్లింది, నేను వెళ్లలేదు.

నాకు మాట్లాడటం చేతకాదు. చూడటం మాత్రం బాగా వచ్చని నాకో గర్వం ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపుతాను. అర్థమైనా ఊపుతాను, కాకపోయినా ఊపుతాను. ఇలా ఊపడం వల్ల నేను చాలా తెలివైనదాన్నని పార్కులో సగం మంది అనుకున్నారు. మిస్ నెల్డా మాత్రం మొదటివారమే కనిపెట్టేసింది. రోజూ సాయంత్రం పిలిచి చుక్కల ముక్కలతో డామినోలు ఆడించేది. ఆటలో తల ఊపితే కుదరదు, ముక్క వెయ్యాలి, లేదా లేదని నోటితో చెప్పాలి. మూడేళ్లలో నేను నోటితో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక ఆ బల్ల దగ్గరే మాట్లాడి ఉంటాను.

డిసెంబరులో ఆవిడ ట్రైలర్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నడక నేర్పే చోట ఐదు వారాలు ఉంచారు. జనవరి మూడోవారానికి ఇంటికి పంపే మాట వచ్చింది. దానికో షరతు పెట్టారు. శుక్రవారం అక్కడి నుంచి ఒకావిడ వచ్చి ట్రైలర్ చూస్తుంది. మెట్లకి పట్టుకునే కడ్డీ ఉండాలి, లోపల వేడి ఉండాలి, కుళాయిలో చన్నీళ్లూ వేణ్నీళ్లూ రావాలి, నేల మీద కాలు జారేది ఏదీ ఉండకూడదు. అన్నీ బాగుంటే సోమవారం ఇంటికి పంపుతారు. లేకపోతే హ్యూస్టన్‌లో ఉన్న మేనల్లుడు గార్లండ్ తమ ఇంటి దగ్గర వృద్ధుల ఆశ్రమంలో గది మాట్లాడి ఉంచాడు, అక్కడికి తీసుకుపోతాడు. గార్లండ్ చెడ్డవాడు కాదు. ఆ గదికి కిటికీ కూడా ఉందని రెండుసార్లు చెప్పాడు. అక్కడికి వెళ్లినవాళ్లు వెనక్కి రారని మిస్ నెల్డాకి తెలుసు. నాకూ తెలుసు.

ఆదివారం టీవీలో వాతావరణం చెప్పే ఆయన కోటు తీసేసి చొక్కా చేతులు మడుచుకుని కనిపించాడు. అలా కనిపించాడంటే తుపానో, చలో వస్తున్నట్టు. మా వైపు చలికాలమంటే ఐదారు రోజుల చుట్టం, అదీ ప్రతి ఏడూ వస్తుందన్న నమ్మకం లేదు. నీళ్లు గడ్డకట్టేది మా కొలతలో ముప్పై రెండు డిగ్రీల దగ్గర. మంగళ, బుధవారాల రాత్రుళ్లు పద్దెనిమిదికి దిగుతుందన్నాడు. మా ట్రైలర్లు వేసవికి పుట్టినవి. వాటి పైపులు నేల కింద ఉండవు, కడుపు కింద గాలికి వేలాడుతూ ఉంటాయి.

ఆ సాయంత్రమే మిస్ నెల్డా ఫోన్ చేసింది.

“రేలిన్, బంగారం, ఇక నా కొంపకి నువ్వే దిక్కు. కాగితం, పెన్సిల్ తెచ్చుకో.”

తెచ్చుకున్నానన్నాను. వేలితో మోకాలి మీద రాసుకుంటున్నాను.

బయటి కుళాయి నుంచి ట్రైలర్‌కి వచ్చే నీళ్ల గొట్టం ఊడదీసి లోపల పెట్టాలి. అంతకుముందే ట్రైలర్ తొట్టి నింపుకుని, లోపలి మోటారు మీద నీళ్లు వాడుకోవాలి. హీటర్ ఆపకూడదు. సింకు కింది తలుపులు తెరిచి పెట్టాలి, వేడి పైపులకి తగలాలి. ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ మురుగు సంగతికి వచ్చింది. ట్రైలర్ కింద మురుగు తొట్లు రెండు ఉంటాయి, ఒకటి మరుగుదొడ్డిది, రెండోది సింకు, స్నానాల నీళ్లది. రెండింటికీ చెరో పిడి, మొదటిదానికి నల్లది, రెండోదానికి బూడిదరంగుది; పిడి తెరిస్తే తొట్టిలోది బయటి మురుగు గొట్టంలోకి పోతుంది.

“నల్ల పిడి జోలికి పోకు. బూడిదరంగు పిడి మాత్రం మూసెయ్. నీళ్ల గొట్టం ఊడదీస్తే కుళాయి ధార వదలక్కర్లేదు. ఒకవేళ వదలాల్సి వస్తే, ఆ పిడి మూసి మరీ వదులు. రాత్రంతా తొట్టిలో చేరుతుంది, పొద్దున్నే ఒక్కసారిగా వదిలెయ్. అర్థమైందా?”

“అయిందండీ.”

“అయితే తిరిగి చెప్పు.”

తెలిసినవి గట్టిగా చెప్పాను. పిడి సంగతి వచ్చేసరికి దగ్గాను. దగ్గు తగ్గేదాకా ఆవిడ ఆగింది, నేను తగ్గనివ్వలేదు.

సోమవారం పొద్దున బస్సెక్కి ఊళ్లో దుకాణానికి వెళ్లాను. ఊరు ఊరంతా నాకంటే ముందే వెళ్లింది. పైపులకి చుట్టే తొడుగులు లేవు. గడ్డకట్టకుండా ట్రైలర్ పైపుల్లో పోసే గులాబీరంగు మందు లేదు. బ్రెడ్డు కూడా లేదు, చలికి బ్రెడ్డు దేనికో ఎవరూ చెప్పలేరు, కానీ మా వాళ్లు తుపానొచ్చినా చలి వచ్చినా ముందు బ్రెడ్డు కొంటారు. అరల్లో మిగిలింది ఒక్కటే, పిల్లలు ఈతకొలనులో పట్టుకుని తేలే పొడవాటి స్పాంజి గొట్టాలు. పోయిన వేసవి సరుకు. పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో ఎనిమిది తెచ్చుకున్నాను. వాటిని పొడుగునా కోసి పైపు చుట్టూ తొడిగితే సరిగ్గా సరిపోయాయి. నాలో ఒక ఇంజనీరు ఉన్నాడని ఆ పూటంతా అనుకున్నాను.

నీళ్ల గొట్టం ఊడదీద్దామని కూర్చున్నాక ఇంజనీరు మాయమయ్యాడు. గొట్టం మర తుప్పుపట్టి కుళాయికి అతుక్కుపోయింది. రెండు చేతులతో తిప్పాను, గుడ్డ చుట్టి తిప్పాను, కూర్చుని కాళ్లతో తన్నిపెట్టి తిప్పాను. నేనే తిరిగాను. ఊడటం లేదని మిస్ నెల్డాకి చెబితే సరిపోయేది, లేదా పార్కు యజమాని మిస్టర్ డ్వైట్ లాక్నీని అడిగితే పెద్ద పానా తెచ్చేవాడు. అడగాలంటే తలుపు తట్టాలి. నేను కుళాయికి నాలుగు తువ్వాళ్లు చుట్టి, చేపలవాళ్ల థర్మాకోల్ పెట్టె బోర్లించి, పైన ఇటుక పెట్టాను. గొట్టానికి మిగిలిన స్పాంజి తొడిగాను. అది ఇంద్రధనుస్సు మింగిన పాములా ఉంది.

మిస్టర్ డ్వైట్ తనంతట తనే వచ్చాడు. ట్రైలర్ కడుపు కింద గాలి దూరకుండా చుట్టూ ఏదైనా అడ్డం పెట్టాలన్నాడు. ఆయన కౌంటీ కమిషనర్ పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. ఎన్నికలప్పుడు ఇంటింటి ముందూ పాతే గట్టి ప్లాస్టిక్ అట్టలు ఆయన షెడ్డులో మిగిలి ఉన్నాయి. వాటి మీద ఆయన మొహం, కింద ‘మీ గుమ్మం దగ్గరి మనిషి’ అని పెద్ద అక్షరాలు. యాభై ఎనిమిది అట్టలు ఇచ్చాడు, మొహం బయటికి కనిపించేలా పెట్టాలన్న షరతు మీద. నేను తల ఊపాను. సాయంత్రానికి మిస్ నెల్డా ట్రైలర్‌ని చుట్టుముట్టి యాభై ఎనిమిది మంది మిస్టర్ డ్వైట్‌లు నవ్వుతున్నారు. కింద లోపల, కోడిపిల్లల వెచ్చదనానికి వాడే ఎర్ర బల్బు ఒకటి వెలిగించాను. దాని వెలుగులో ఆయన నవ్వు మరీ భయంకరంగా ఉంది.

మంగళవారం సాయంత్రం చీకటి పడకముందు పిడుల దగ్గరికి వెళ్లాను.

బూడిదరంగు పిడి మూయమంది కదా. పిడులు రెండున్నాయి. ఆరు వేసవులు ఎండలో ఉండి రెండూ ఒకే రంగుకి తిరిగాయి, కాల్చిన ఎముక రంగు. ఒకటి బయటికి పొడుచుకుని ఉంది, ఒకటి లోపలికి నెట్టి ఉంది. బయటికి ఉంటే మూసినట్టా, తెరిచినట్టా? నాకు తెలియదు. నా ట్రైలర్లో ఆ పని మిస్టర్ డ్వైటే చేసిపెట్టేవాడు, నేను దూరంగా నిలబడి చూసేదాన్ని, చూసింది పిడుల్ని కాదు, ఆయన టోపీనే అని ఇప్పుడు తెలిసింది. తప్పు పిడి లాగితే మరుగుదొడ్డి తొట్టి కదులుతుందేమోనని భయం. ఎక్కడికి పోతుందో ఊహించుకోవడానికి చదువు అక్కర్లేదు.

పావుగంట అక్కడే గొంతుక్కూర్చున్నాను. ఫోను జేబులోనే ఉంది. ‘ఏది ఏది?’ అని రెండు మాటలు అడిగితే అయిపోయేది. కానీ మొన్న అర్థమైందని చెప్పాను కదా. అర్థమైందని చెప్పిన మనిషి మళ్లీ అడిగితే, మొన్నటి మాట అబద్ధమని తేలుతుంది. ఆరేళ్లుగా ఇలాగే ఉన్న పిడులు ఇంకొక్క రాత్రి ఇలాగే ఉంటే మునిగిపోయేదేముంది అనుకున్నాను. ఏం మునుగుతుందో పొద్దున తెలిసింది.

గొట్టం ఊడలేదు కాబట్టి లోపల వంటింటి కుళాయి ధార వదలాలి. ఈ పని మాత్రం నాకు పుట్టుకతో వచ్చు. చలి రాత్రి కుళాయి సన్నగా వదలడం మా వైపు ప్రతి ఇంట్లో పిల్లలకి నేర్పే మొదటి సంగతి. పారే నీళ్లు గడ్డకట్టవు. మా అమ్మమ్మ పెన్సిల్ ముల్లంత లావు ధార వదిలేది, అంతకంటే లావైతే తిట్టేది. అదే లావు చూసి వదిలాను. అమ్మమ్మది పునాదుల మీద ఉన్న ఇల్లనీ, ఆ ధార నేల లోతుల్లో పోయేదనీ నాకు తట్టలేదు. మిస్టర్ డ్వైట్ తన ట్రైలర్ వైపు పోతూ ఆగి, “మురుగు పిడి మూశావా పిల్లా?” అని అడిగాడు.

తల ఊపాను.

బుధవారం పొద్దున లేచేసరికి పార్కు తెల్లగా ఉంది. ఎదురు వరసలో ఇద్దరి పైపులు పగిలాయి, అట్లకాడల్లా మంచు వేలాడుతోంది. పరుగున వెళ్లి మిస్ నెల్డా తలుపు తీశాను. వంటింటి కుళాయి ధార అలాగే పడుతోంది, పెన్సిల్ ముల్లంత. లోపల వెచ్చగా ఉంది. నేను ఎగిరాను, ఎవరూ లేరు కాబట్టి రెండుసార్లు ఎగిరాను. ఎప్పుడూ లేనిది నేనే ముందుగా ఫోన్ చేసి, నీళ్లు పడుతున్నాయి, మీరేం దిగులు పడకండి అని చెప్పాను. ఆవిడ దేవుడికీ, నాకూ, నన్ను కన్నవాళ్లకీ దీవెనలు పెట్టింది. అవి ఫోన్ పెట్టేసిన నిమిషం వరకూ పనిచేశాయి.

స్నానాల గదివైపు నాలుగడుగులు వేశాక కాలి కింద తివాచీ చప్పుడు చేసింది.

స్నానపు తొట్టి అంచులదాకా నిండి ఉంది. శుక్రవారం వచ్చే ఆవిడ కోసం నేను మొన్న ఇల్లంతా తుడిచిన నీళ్లే అవి. సబ్బు నురగ, జుట్టు, ఐదు వారాల కిందటి వంట జిడ్డు, అన్నీ తిరిగి వచ్చాయి. తొట్టి దాటి నడవలోకి పారాయి. బయటికి వెళ్లి చూశాను. పిడి తెరిచే ఉండటంతో రాత్రంతా ఆ సన్నని ధార మురుగు గొట్టంలోకి కొద్దికొద్దిగా జారింది. నేల మీద పడుకున్న ఆ పదడుగుల గొట్టంలో పొర మీద పొరగా గడ్డకట్టి, చివరికి మూతపడింది. ఇక నీళ్లకి పోవడానికి దారి లేక, ఇంటిలోపలే పైకి లేచాయి. మంచినీళ్లు గడ్డకట్టకుండా నేను మురుగునీళ్లని గడ్డకట్టించాను. ఈ పద్ధతి ఇంకెవరికైనా తోచి ఉంటుందని నేననుకోను.

శుక్రవారానికి రెండు రోజులుంది. ఈ రాత్రి మళ్లీ చలి. నడవ తడిసింది. తుంటి విరిగిన మనిషి ఈ నేల మీద నడవాలి.

మళ్లీ ఫోన్ చేశాను. ఆవిడ నడక నేర్చుకునే గదిలో ఉంది, పక్కన ఎవరో ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నారు.

“మళ్లీ ఏమిటి బంగారం?”

స్నానపు తొట్టి నిండిందన్నాను. ఎంత నిండిందంటే, నిండి పొర్లిందన్నాను.

“పిడి మూశావా?”

తల ఊపాను. ఫోన్లో తల ఊపితే ఎవరికి కనిపిస్తుంది. “మూశావా అని అడుగుతున్నా,” అంది మళ్లీ.

“మూయలేదండీ. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. ఏది ఏదో తెలియలేదు.”

పక్కన లెక్కపెట్టేవాళ్లని ఒక్క నిమిషం ఆగమంది.

“పిచ్చి మొహమా,” అంది మిస్ నెల్డా నెమ్మదిగా, “రెండింట్లో ఒకటి మూసే ఉంది. మూసి ఉన్నదాన్ని మళ్లీ ఎలా మూస్తావు? లోపలికి నెట్టడానికి వీలైంది ఒక్కటే కదా ఉంది. అదే నెట్టాలి.”

నేను ఆ మాట అర్థం చేసుకునేలోపు ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే, కూర్చోమని ఎవరో కుర్చీ లాగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ నవ్వులో కోపం లేదని తెలిశాక నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వు ఆపి, పని చెప్పింది. ముందు కుళాయి కట్టెయ్. మురుగు గొట్టం ఊడదీసి బట్టలుతికే గదికి తీసుకుపోయి, పెద్ద సింకులో వేణ్నీళ్లలో ముంచు. ట్రైలర్ కింద మురుగు దిగే మూతికి గోరువెచ్చటి నీళ్లు పొయ్యి, మరిగేవి పోశావో ప్లాస్టిక్ చిట్లుతుంది. ఈసారి తిరిగి చెప్పమనకుండానే తిరిగి చెప్పాను, దగ్గకుండా.

మురుగు గొట్టాన్ని మోసినవాళ్లకే దాని సంగతి తెలుస్తుంది. మామూలప్పుడు అది ముడుచుకునే వస్తువు. లోపల మంచు నిండితే కొండచిలువ. రొయ్యల పడవల వాళ్లు వేసుకునే తెల్ల రబ్బరు బూట్లు వేసుకుని, రాత్రి చొక్కా మీద కోటు వేసుకుని, పదడుగుల కొండచిలువని భుజాన వేసుకుని పార్కు మధ్య నుంచి నడిచాను. ఎరలమ్మే కొట్టు ముందు కాఫీ తాగే ముసలివాళ్ల బెంచీ దాటి వెళ్లాలి. నేను మూడేళ్లుగా ఆ బెంచీ తప్పించుకోవడానికి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. ఆ రోజు చుట్టూ తిరిగే ఓపిక లేదు.

“ఏం పిల్లా,” అన్నాడు బెంచీ మీద నుంచి మిస్టర్ డ్వైట్, “నువ్వు దాన్ని పట్టుకున్నావా, అది నిన్ను పట్టుకుందా?”

“పిడి మూయలేదండీ,” అన్నాను ఆగకుండా. “మూశానని మీతో అబద్ధం చెప్పాను.”

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. ఆయన కాఫీ కింద పెట్టి, రెండో కొస పట్టుకున్నాడు. గంట ముంచాక గొట్టంలోంచి మంచు ముక్క మోచేయంత పొడుగున జారి సింకులో పడింది. అందులో మిస్ నెల్డా చెవి దుద్దు ఒకటి ఇరుక్కుని ఉంది.

తర్వాత ట్రైలర్ మూతి దగ్గర కూర్చుని చెంబుతో గోరువెచ్చటి నీళ్లు పోస్తూ పోయాను. పదిహేను చెంబులదాకా ఏమీ కాలేదు. మిస్టర్ డ్వైట్ గొట్టం మళ్లీ తగిలించేదాకా ఆగు అని కేక వేస్తున్నాడు. వింటున్నాను, చెంబు వంచిన చెయ్యి మాత్రం వినలేదు. పదహారో చెంబుకి మంచు వదిలింది. తొట్టిలోని నీళ్లన్నీ ఒక్కసారిగా నా బూట్లలోకి దిగాయి. తెల్లటి బూట్లు కావడం వల్ల ఎంత నిండిందో బయటికి కూడా తెలుస్తూనే ఉంది. యాభై ఎనిమిది మంది మిస్టర్ డ్వైట్‌లు నవ్వుతున్నారు, అసలు ఆయన మాత్రం నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరిగాడు.

ఆ మధ్యాహ్నం ఆయన పానాతో నీళ్ల గొట్టం ఊడదీశాడు, అర నిమిషం పట్టింది. నేను పిడి లోపలికి నెట్టాను. బుధవారం రాత్రి ఇంకా చల్లగా గడిచింది, గురువారం పొద్దున అన్నీ క్షేమంగా ఉన్నాయి. ఆ రోజంతా తివాచీ ఎండబెట్టాను. బట్టల గదిలోంచి రెండు పంకాలు, మూడు ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన జుట్టు ఆరబెట్టే యంత్రాలు. మూడు తలుపులు తట్టాను. తట్టాక తలుపులు తెరుచుకుంటాయి, అవతలివాళ్లు ఏం కావాలని అడుగుతారు, చెబితే ఇస్తారు. ఇంత చిన్న సంగతి ఇరవై రెండేళ్లు ఎలా కనిపెట్టకుండా ఉన్నానో. మిస్టర్ డ్వైట్ మెట్లకి ఇనపకడ్డీ బిగించాడు. వాసన మాత్రం పూర్తిగా పోలేదు. నేల ఒక మూల కొంచెం తడిగానే ఉంది.

శుక్రవారం పది గంటలకి ట్రైలర్ చూసే ఆవిడ, మిస్ ఆర్రెడోండో, వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చేతిలో కాగితాలు బిగించిన అట్ట, జుట్టు గట్టిగా ముడేసి పైన టోపీ. ట్రైలర్ చుట్టూ ఉన్న మొహాలు చూసి, ఈయన ఇక్కడే ఉంటాడా అని అడిగింది. ఇక్కడే ఉంటాడండీ, కానీ ఒక్కడే అన్నాను. కడ్డీ పట్టుకుని ఊపి చూసింది, రాసుకుంది. హీటర్ చూసింది, రాసుకుంది. వంటింట్లో వేణ్నీళ్ల కుళాయి తిప్పి చెయ్యి పెట్టింది. నీళ్లు వేడెక్కాయి. ఆవిడ చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది. మా ఇంటి పైకప్పులో పైపు పగిలింది, బుధవారం నుంచి నీళ్లు లేవు అంది, కుళాయి వైపే చూస్తూ. ఊళ్లో సగం మందికి లేవట. కావాలంటే తల కడుక్కోండి అనబోయాను, నోరు రాలేదు. ఆవిడ చేతులు తుడుచుకుని రాసుకుంది.

నడవ దగ్గర ఆగింది. వంగి తివాచీ మీద అరచెయ్యి వేసింది.

“ఇక్కడ తడిగా ఉందేమిటమ్మా?”

ఈ ప్రశ్నకి జవాబు నేను ముందే సిద్ధం చేసుకున్నాను. మీరు వస్తున్నారని తుడిచానండీ. అది అబద్ధం కూడా కాదు, తుడిచింది నిజమే. పెదవులదాకా వచ్చింది. అప్పుడే మిస్ నెల్డా నడవడానికి వాళ్లిచ్చిన నాలుగు కాళ్ల చట్రం పట్టుకుని చీకట్లో ఈ మూల మీదికి నడవడం నాకు కనిపించింది. మళ్లీ చలి వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు. నేను తల ఊపి నెట్టుకొచ్చిన సంగతి ఆవిడ తుంటికి తగులుతుంది.

మొదటి నుంచి చెప్పాను. గొట్టం, పిడులు, ధార, దగ్గు, కొండచిలువ, బూట్లు, అన్నీ. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగలేదు. చెబుతూ చెబుతూ ఆవిడని బయటికి తీసుకెళ్లి పిడులు కూడా చూపించాను. ఇది బయటికి ఉంటే తెరిచినట్టు, లోపలికి ఉంటే మూసినట్టు అని, అదేదో నేనే కనిపెట్టినట్టు చెప్పాను. ఆవిడ నన్ను చూసింది, అట్టని చూసింది.

“ఇప్పుడిలా చెబితే ఆవిణ్ణి ఇంటికి పంపనేమోనని భయం వెయ్యలేదా?”

“వేసిందండీ. ఇంకా వేస్తోంది.”

ఆవిడ కాగితం తిప్పింది. అవసరం పడితే వెంటనే రాగలిగిన మనిషి పేరు రాయాల్సిన చోట గార్లండ్ పేరు ఉంది, రెండు గంటల ప్రయాణం. తడిసిన తివాచీ మొత్తం పీకెయ్యాలి, ఆదివారంలోగా, అంది. పీకేస్తానన్నాను. ఆ పేరు పక్కన నీ పేరు రాయనా అని అడిగింది. రాయమన్నాను, నోటితోనే. అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పాను, మా వైపు ఆ పేరు నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. వెళ్లబోతూ మెట్ల మీద ఆగి, ఆ వేణ్నీళ్లు ఇంకో ఐదు నిమిషాలు వాడుకోవచ్చా అంది. అరగంట వాడుకుంది. తల తుడుచుకోవడానికి బట్టల గదిలోంచి వెచ్చటి తువ్వాలు తెచ్చిచ్చాను.

తివాచీ శనివారమే పీకేశాం. కింద చెక్కనేల బయటపడింది, నా బతుకులో నేను చేసిన మొదటి ఇంటి బాగుచేత అదే.

సోమవారం మధ్యాహ్నం గార్లండ్ కారులో మిస్ నెల్డాని దించాడు. అప్పటికి ఎండ ఎనభైకి ఎక్కింది, దోమలు కూడా తిరిగొచ్చాయి. బెంచీ మీదివాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఆవిడ లోపలికి వెళ్లలేదు. చట్రం పట్టుకుని ట్రైలర్ పక్కకి నడిచి, పిడుల ముందు నన్ను కూర్చోమంది.

“తెరువు,” అంది.

లాగాను.

“మూయి.”

నెట్టాను.

అలా పదిసార్లు. ఆరోసారి తెరువన్నప్పుడు మూశాను. బెంచీవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. ఆవిడ వాళ్లవైపు తిరిగి, మీలో ఎవడికి తెలుసో వచ్చి కూర్చోండి అంది. ఎవరూ రాలేదు. పదోది అయ్యాక, ఈ మొహాలన్నీ నా ఇంటి చుట్టూ ఎవడు పెట్టాడని అడిగింది. మిస్టర్ డ్వైట్ టోపీ సర్దుకున్నాడు. మళ్లీ ఎన్నికల్లో నిలబడే ఉద్దేశం ఉంది, అప్పటిదాకా ఇలాగే ఉంచుతానన్నాడు. ఉంచు, దొంగలు రారు అంది.

మెట్లు మూడు. గార్లండ్ చెయ్యి అందించబోతే వద్దంది. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా ఆగి ఎక్కింది. నేను వెనకే నిలబడ్డాను, పడితే పట్టుకుందామని, ఆవిడ పడితే ఇద్దరం పడతామని తెలిసి కూడా. గుమ్మం దాటి, చెక్కనేల చట్రంతో తట్టి చూసుకుని, తన కుర్చీదాకా వెళ్లి కూర్చుంది. కళ్లు మూసుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చింది.

“రేలిన్,” అంది, “చికోరీ ఎక్కువ వేసి కాఫీ పెట్టు. ముందు ఈ వాసన సంగతి చూడాలి.”